ఇంటివారి పాలు, పొరుగువారి పాలు

మా సంఘమువారు ఈ సంచికకై, మా వాడలో నుండి గతించిన యొక పెద్దమనుష్యుని గూర్చి నాలుగు మాటలు వ్రాసి యిమ్మని కోరినప్పుడు, అది మాకు మిక్కిలి సులభమైన పనిగా తోచెను. షోలాపూరు తూర్పు భాగమున మా తరమువారిలో ఆయనను ఎరుగనివారు లేరు. ఆయన మంచితనమునకు సాక్ష్యము వెదకనక్కరలేదు; ఏ గడప తట్టినను ఒక కథ వెలికివచ్చును. అట్టి కథలు పదింటిని కూర్చి, మొదట జననమును చివర మరణమును చేర్చి, నడుమ 'పరోపకారపారీణుడు', 'అజాతశత్రువు' అను మాటలు నాలుగు చల్లినచో వ్యాసము ముగియును. ఇట్టివి మేము మునుపును వ్రాసియున్నాము. చదివినవారు బాగున్నదనిరి, మరునాటికి మరచిరి.

ఈ పర్యాయమును అట్లే జరిగియుండును. కాని ఆయన ఫోటో నొకదానిని అడిగి తెచ్చుకొందమని మేము ఆ యింటికి పోయితిమి. ఆయన గతించి పదునైదేండ్లు దాటినవి. అరువదియేండ్లు పైబడిన పెద్ద కుమార్తె పుట్టింటికి వచ్చియుండెను. మేము వచ్చిన పని విని ఆమె కొంతసేపు ఏమియు ననలేదు. లోపలికి పోయి టీ తెచ్చియిచ్చి, గడప ప్రక్కన కూర్చుండి, "రాయుండ్రి అన్నా. కాని బాపు ఒక్కని గురించి రాయకుండ్రి. రాస్తె అమ్మను గూడ రాయుండ్రి. లేకుంటె ఇద్దరి పేర్లూ వద్దు" అనెను. ఆ మాటలో కోపము లేదు. చాలకాలము తనలో తూచి చూచుకొని పలికిన మాటవలె నుండెను. అమ్మగారి ఫోటో ఉన్నదా యని అడిగితిమి. బీడీ కార్మికుల గుర్తింపు కార్డుమీద అంటించిన చిన్న బొమ్మ యొకటి మాత్రమే కలదట. అందు ముఖము సగము చెరిగిపోయినది.

అందుచేత ఈ వ్యాసమున ఎవరి పేరును లేదు, ఎవరి బొమ్మయు లేదు. తండ్రిని 'బాపు' అని పిలుచుట మా పెద్దలు తెలంగాణమునుండి వెంట తెచ్చుకొన్న యలవాటు. వాడ వాడంతయు ఆయనను అట్లే పిలిచెను గనుక మేమును అట్లే వ్రాయుదుము.

చెన్నపట్టణములోను బరంపురములోను ఉన్న మన సోదరులకై మా ఊరిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1876వ సంవత్సరమున మొదలయిన ధాత కరవు దక్కను నంతటిని పీల్చి పిప్పి చేయుచున్న కాలముననే, 1877లో, షోలాపూరున నూలుమిల్లు నడువసాగెను. నిజాము రాజ్యపు సరిహద్దు మా ఊరికి కూతవేటు దూరము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల పద్మశాలీలు తరతరములుగా ఆ సరిహద్దు దాటి వచ్చుచునే యుండిరి. కొందరు మిల్లులో చేరిరి. కొందరు ఇంటనే మగ్గములు వేసికొని చద్దరులు నేసిరి. మార్కండేయ దేవాలయము కట్టుకొనిరి. శ్రావణ పూర్ణిమనాడు ఆ స్వామి ఊరేగింపు వెడలినప్పుడు ఊరెల్ల తెలుగూరివలె నుండును. తక్కిన దినములలో కచేరీలో మరాఠీ, సంతలో కన్నడము, పొయ్యికడ తెలుగు. ఇదియే మా బ్రదుకు.

బాపుకు నాలుగు మగ్గము లుండెను. ధనికుడు కాడు, పేదయు కాడు. ఇంటి ముందర ఒక రాతియరుగు. ఊరినుండి మూటతో రైలు దిగినవానికి చిరునామా యేదియు లేకున్నచో టాంగావాడే తెచ్చి ఆ యరుగుకడ దింపుచుండెను. బాపు మొదట అడుగునది "తిన్నవా?" అని. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అను ప్రశ్నలు తరువాతివి. ఒక్కొక్కప్పుడు అవి రెండు మూడు దినముల వరకు రానే రావు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టించి, అరుగుమీద పండుకొననిచ్చి, మరునాడు తన మగ్గముకడనో ఎరిగినవారి మగ్గముకడనో పని చూపును. అట్లు నిలద్రొక్కుకొన్న కుటుంబములెన్నియో లెక్కపెట్టబోయి మేము విరమించితిమి. కొందరు ఆ సంగతి చెప్పుకొనుటకు ఇష్టపడలేదు. తప్పుపట్టనక్కరలేదు. పొందిన మేలుకంటె, దానిని పొందవలసి వచ్చిన దినము మనుష్యునికి ఎక్కువకాలము గుర్తుండును.

ఆయన ఇచ్చు తీరు వేరు. పుచ్చుకొనువాడు తల వంచనక్కరలేకుండ ఇచ్చుట ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. క్రొత్తగా కాపురము పెట్టిన వారింటికి ఇత్తడి బిందె తీసికొనిపోయి, "మా ఇంట్ల చోటు లేదు, మీ దగ్గర ఉండనీయుండ్రి" అని వదలివచ్చెను, మరల అడుగలేదు. భర్త పోయిన యిల్లాలికి కండెలు చుట్టు పని పంపి, "రేటు పెరిగింది" అని చెప్పి రెట్టింపు కూలి యిచ్చుచుండెను. రేటు పెరుగలేదని ఆమెకు తెలియుటకు రెండేండ్లు పట్టెను. మోమినుల యింట రోగి యున్నను, మరాఠీల యింట శవము లేచినను, రాత్రి తలుపు తట్టిన వెంటనే భుజముమీద తువ్వాలు వేసికొని వెడలువాడు ఆయనయే. మా ఊర వాన తక్కువ. అయినను ఒక వానకాలమున ఆయన చేతినుండి మూడు గొడుగులు పోయినవి. ఎవరెవరికిచ్చెనో ఆయనకే గుర్తులేదు. నాలుగవ గొడుగును భార్య కొననీయలేదు. గోనెసంచిని కొప్పెరగా మడచి తలమీద వేసి పంపెను. ఈ కథ వాడలో అందరును నవ్వుచు చెప్పుకొందురు. మేమును నవ్వితిమి. గోనెసంచి వేసిన యామె నవ్వెనో లేదో ఎవరును అడిగియుండలేదు.

1972 నాటి కరవును ఎరిగిన వారు ఇప్పటికిని దాని పేరెత్తరు. "ఆ సంవత్సరం" అని మాత్రమందురు. అప్పటికే వానలు వరుసగా ముఖము చాటువేసినవి. పల్లెలనుండి జనము రాళ్లు కొట్టు పనులకు, చెరువులు త్రవ్వు పనులకు పోయిరి. మహారాష్ట్రమున ఉపాధి హామీ పథకము పుట్టినది ఆ కరవు కడుపుననే. పనిచోట్ల 'సుకడి' అను తీపి పిండి పంచిరి. రేషను దుకాణములలో ఎఱ్ఱని 'మిలో' జొన్నలు, సముద్రము దాటి వచ్చినవి, అమ్మిరి. ఆ రొట్టె రంగును మేము మరువలేము. రుచిని మరువ యత్నించుచున్నాము. మగ్గములు సగము దినములు నిలిచిపోయెను. ఆ సంవత్సరమంతయు బాపు అరుగుమీద అంబలికుండ ఉండెను. వచ్చినవారికి ఒక ముంత. నెలలు గడచినకొలది అంబలి పలుచనయ్యెనే గాని కుండ ఖాళీ కాలేదు. ఆయనను గూర్చి ఎవరు మాటలాడినను మొదట చెప్పునది ఆ కుండ సంగతియే.

కుండ యెట్లు నిండెను? ఇది మేము పండ్రెండేండ్ల బాలురమై యున్నప్పుడు అడుగని ప్రశ్న. అరువది దాటిన తరువాతనైనను అడుగనక్కరలేకయే పోయియుండును. ఆయన కుమార్తె యడ్డుపడుటచేత అడిగితిమి. మగ్గములు నిలిచిన నెలలలో ఆ యింటికి వచ్చిన రొక్కము బీడీల రొక్కమే. ఆమె రాత్రి తునికాకు నీటిలో నానవేయును. తెల్లవారకముందే లేచి రేకు ఫర్మా ఉంచి కత్తెరతో ఆకు కోయును. వంట, పిల్లలు, కండెలు తీరిన తరువాత తంబాకు చాట ఒడిలో పెట్టుకొని కూర్చుండును. ఆకులో తంబాకు పోసి చుట్టి, దారము కట్టి, మూతి మడచుట. అట్లు దినమునకు వెయ్యి బీడీలు. ఇరువదియైదింటికి ఒక కట్ట. వానిని కార్ఖానాకు మోసికొనిపోయినచో అక్కడివాడు చేతితో తడిమి, బాగులేవని కొన్నిటిని 'ఛాట్' క్రింద తీసివేయును. వానికి కూలి లేదు. 1966లోనే బీడీ కార్మికులకు చట్టము వచ్చినది. చట్టము కార్ఖానా గుమ్మము దాటి ఇంటిలో కూర్చుండి చుట్టు స్త్రీ యొడివరకు వచ్చుటకు ఎన్నేండ్లు పట్టినదో మా వాడలోని వృద్ధస్త్రీలు చెప్పగలరు. 2006లో మా ఊరికి చేరువ కుంభారికడ బీడీ కార్మిక స్త్రీలకై పదివేల ఇండ్లు లేచినవి. దేశము వారి చేతిపనిని కంటితో చూచినది అప్పుడే యని మాకు తోచును.

ఆ బీడీల కూలి జొన్నలయ్యెను, జొన్నలు అంబలియయ్యెను, అంబలి బాపు పేరయ్యెను.

ఇక మా సంగతి. ఇది చెప్పకున్నచో పైన వ్రాసినదంతయు పరుల యింటి తగవు తీర్చుటవలె నుండును.

1971లో మా తండ్రిగారు పోయిరి. మా తల్లియు బీడీలు చుట్టినదే. ఇంటికి పెద్దకొడుకును మేము. మగ్గము గుంటలోనికి దిగవలసిన వయస్సు వచ్చినదని బంధువులందరును ఏకగ్రీవముగా తీర్మానించిరి. అప్పుడు బాపు వచ్చి మా తల్లితో, "వీడు సదువుకునేటోడు. బడి మాన్పించకు చెల్లె. ఈని కూలి నేనిస్త" అనెను. అట్లే నెల నెలకు ఇరువది రూపాయలు మా యింటికి వచ్చుచుండెను. మేము పదునొకండవ తరగతి ముగించువరకు, అనగా నాలుగేండ్లు, ఒక నెలయైనను తప్పలేదు. ఆ బలముచే చదివితిమి, ఉద్యోగము చేసితిమి, ఈనాడు ఈ సంచికలో వ్యాసము వ్రాయువారమైతిమి. సభలలో ఆయన పేరు చెప్పి పలుమార్లు కన్నీరు పెట్టుకొంటిమి. ఆ కన్నీరు నిజమైనదే.

ఆయన రెండవ కుమారుడు మాతో ఒకే బల్లమీద కూర్చుండి చదివినవాడు. లెక్కలలో మాకంటె చురుకైనవాడు. 1972లో ఏడవ తరగతి నడుమ బడి మానివేసెను. వానికి చదువుమీద బుద్ధిలేదని పెద్దలనిరి, మేము నమ్మితిమి. గడచిన నెలలో, ఫోటోకై పోయిన దినముననే, అతడు సాంచాలనుండి ఇంటికి వచ్చి మాతో కూర్చుండెను. మాటలలో మాటగా నవ్వుచు చెప్పెను. మూడవ మగ్గముమీద పనిచేయు నేతగాడు ఆ యేడు భివండికి పోయెనట. క్రొత్తవానిని పెట్టినచో నెలకు కూలి యీయవలెను. బాపు క్రొత్తవానిని పెట్టలేదు, కొడుకును పెట్టెను. మిగిలిన కూలిలోనుండి మా యింటికి ఇరువది రూపాయలు పంపెను. "నీ బడి నేను నేసిన చద్దర్లు తమ్మీ" అని అతడు మా భుజము తట్టెను. అతనికంటె మేము నాలుగు నెలలు పెద్ద. అయినను ఎప్పుడును తమ్మీ యనియే పిలుచును.

నవ్వుటకు మాకు నోరు రాలేదు.

మా ముందున్న ప్రశ్న యిది. ఒక గృహస్థుడు తన యింటివారి పాలు తీసి పొరుగువారికి ఇచ్చినచో అది దానమగునా? అతనిని స్మరించునప్పుడు మనము ఏమి స్మరింపవలెను?

మన పూర్వులు దీనిని ఆలోచింపకపోలేదు. మనుస్మృతిలో నేడు మనము అంగీకరింపరానివి పెక్కు కలవు. స్త్రీల విషయమునను, కులముల విషయమునను అందలి మాటలను సమర్థించుటకు మేము పూనుకొనము. కాని దాని పదునొకండవ అధ్యాయమున ఒక నిష్ఠురమైన మాట యున్నది. శక్తి యుండియు తన వారు దుఃఖమున బ్రదుకుచుండగా పరులకిచ్చువాని దానము ధర్మము కాదు, ధర్మమునకు నకలు మాత్రమే. మొదట తేనెవలె తగిలి తుదకు విషమై రుచించును అని దాని భావము. మూడవ అధ్యాయమున భోజనక్రమము చెప్పుచు, ఇంటిలోని క్రొత్త కోడలికి, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథికంటెను ముందే సందేహింపక పెట్టవలెననియు, గృహస్థు దంపతులు అందరికిని పెట్టిన పిదప మిగిలినది తినవలెననియు కలదు. అతిథి దేవుడే, కాని ఆ దేవునికంటె ముందు కూర్చుండువారు ఇంటిలో కొందరున్నారు. చిన్నవారు, చేతకానివారు. తరువాత అతిథి. చివర ఇంటి యజమాని. ఈ వరుస మాకు మిక్కిలి న్యాయముగా కనుపట్టుచున్నది. దాత తన పాలు తగ్గించుకొనుటకు అడ్డులేదు. బిడ్డ పాలు తగ్గించుటకు అతనికి హక్కు లేదు.

ఈ కొలతతో కొలిచినచో బాపు ఓడిపోవును. పండ్రెండేండ్ల బిడ్డ చదువు ఆ బిడ్డ పాలు. దానిని తీసి మాకిచ్చెను.

కాని ఇంతటితో తీర్పు చెప్పుటకు మాకు మనసొప్పదు. మహాభారతమున అశ్వమేధ పర్వములోని ముంగిస కథ మన యిండ్లలో అందరు నెరిగినదే. ధర్మరాజు యాగము ముగిసినది. దాన ధర్మములను అందరు పొగడుచున్నారు. ఒక ప్రక్క దేహము బంగారమైన ముంగిస వచ్చి, ఈ యజ్ఞము కురుక్షేత్రమున ఉంఛవృత్తితో బ్రదికిన యొక బ్రాహ్మణుని పేలపిండి దానమునకు సరిరాదని పరిహసించినది. కరవు దినములు. ఆ యింట నలుగురు: బ్రాహ్మణుడు, భార్య, కొడుకు, కోడలు. దొరికిన పిండిని నాలుగు పాళ్లు చేసికొని తినబోవు వేళకు అతిథి వచ్చెను. బ్రాహ్మణుడు తన పాలు పెట్టెను; ఆకలి తీరలేదు. భార్య తన పాలు ఇమ్మనెను. ఆ తరువాత కొడుకు, ఆ తరువాత కోడలు. అతిథి చేయి కడిగిన తడినేలమీద పొరలిన ముంగిసకు సగము దేహము బంగారమాయెను.

చిన్ననాడు ఈ కథ విన్నప్పుడు మాకు ముంగిసమీదనే కన్ను. ఇప్పుడు మరల తలచుకొనగా కన్ను మరియొకచోట నిలిచినది. బ్రాహ్మణుడు అతిథికిచ్చినది తన పాలు మాత్రమే. తక్కిన మూడు పాళ్లమీద చేయి వేయలేదు. భార్య ముందుకు వచ్చి ఇమ్మన్నప్పుడు, ఆకలిచే ఎముకలు తేలియున్న ఆమె నోటికూడు ఎట్లు తీయుదునని వెనుదీసెను. కొడుకుకడను, కోడలికడను అట్లే. వారు వాదించి ఒప్పించిన పిదపనే పుచ్చుకొనెను. ఒక్క పిండి ముద్దకు నాలుగు దానములు జరిగినవి. ఇంటియజమాని నలుగురి పాళ్లను తానే యెత్తి అతిథి విస్తరిలో వేసియున్నచో పిండి అంతియే, అతిథి ఆకలి తీరుటయు అంతియే. ముంగిస దేహము బంగారమై యుండెడిదా? అడుగుట, అడుగకపోవుట అనునదే భేదము. హరిశ్చంద్రుని కథ యందు మాకు చిన్ననాటినుండియు ఏదో ముల్లు గ్రుచ్చుకొనుచుండుట కిదియే కారణము కావచ్చును. సత్యము ఆయనది, సంతలో నిలువబడినది చంద్రమతి.

మన ప్రవాసాంధ్రులలో దానమునకు మారుపేరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనము నారంభించి, 1908లో ఆ నగరముననే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా చేసిన ఆ మహనీయుని విశ్వదాత యని లోకము పిలిచినది. ఆయన ఇచ్చినది గొప్పది. కాని దాని వెనుక గొప్ప వ్యాపారము నిలిచియుండెను. నాలుగు మగ్గముల వాని సంగతి వేరు. అతనికి దానము మిగులునుండి రాదు. ఎవరో యొకరి కంచమునుండి వచ్చును. అందుచేతనే చిన్న గృహస్థు దానము గొప్పది, అందుచేతనే అది ప్రమాదకరమైనది కూడ.

మా మిత్రుడొకడు, ఈ వ్రాతప్రతిని చూచి, తీవ్రముగా ఆక్షేపించెను. అతని మాటలో బలము కలదు. "స్వగ్రామమున నున్నవానికి దాయాదులు, కులము, ఊరు అండగా నుండును. పరాయిచోట రైలు దిగినవానికి ఎవరున్నారు? అచ్చట పొరుగువాడే దాయాది. అందరును మొదట తమ పిల్లల పాళ్లు లెక్కపెట్టుకొని కూర్చుండినచో మన వాడలు లేచియుండునా? లెక్క తప్పకుండ బ్రదికినవారు ఆనాడు వందలమంది యుండిరి. వారిలో ఒక్కని పేరైనను నీకు గుర్తున్నదా?" అని అడిగెను. గుర్తులేదు. ఇది నిజము. బాపు లెక్క చూచుకొని యుండినచో మేము ఈపాటికి చద్దరులు నేసి నేసి వెన్ను వంగి యుందుము. ఆ కొడుకు ఇంజనీరై యుండునో ఏమో. ఎవరి బిడ్డ చదువు ఎవరి బిడ్డ చదువుకంటె ఎక్కువయని త్రాసు పట్టుటకు, ఆ త్రాసులో ఒక ప్రక్క కూర్చున్న మేము తగము.

అయినను మిత్రుని వాదమున ఒక లోటు మాకు కానవచ్చుచున్నది. అతడు బాపును గుర్తుంచుకొనుమనుచున్నాడు. ఎవరి పాలు ఇచ్చెనో వారిని గుర్తుంచుకొనుమనుట లేదు. తిండి పెట్టిన చేయి మనకు కనబడును. ఆ చేతికి అందించిన చేయి లోపలి గదిలో నుండును. దీపము అంతవరకు పోదు. సంస్మరణ వ్యాసములన్నియు అరుగుమీదనుండియే వ్రాయబడినవి. లోపలికి పోయి వ్రాసినవారు తక్కువ.

లోపలనున్న యామె ఇష్టపడి ఇచ్చెనా, గత్యంతరము లేక ఇచ్చెనా? ఇది తెలిసినచో చిక్కు సగము విడును. కుమార్తె ఒకప్పుడు తల్లిని సూటిగా అడిగెనట. అప్పటికి తల్లి మంచము పట్టియుండెను. అంబలికుండను గూర్చి, తమ్ముని బడిని గూర్చి, గొడుగులను గూర్చి అడిగి, "నీకు కోపం రాలేదానమ్మా?" అనెను. ఆమె చాలసేపు పైకప్పు చూచి చెప్పిన మాట యిది: "ఆయన అడిగేటోడు కాదు. నేను వద్దనేదాన్ని కాదు. అడిగితె ఏమందునో నాకే తెల్వదు బిడ్డా."

ఈ మాటను మేము పలు దినములు త్రిప్పి త్రిప్పి చూచితిమి. ఇందు ఫిర్యాదు లేదు; సమ్మతియు లేదు. ఆమె 'సరే' అనియుండునని మేము గట్టిగా నమ్ముచున్నాము. వచ్చినవాని మొగము చూచి ముంతలో అంబలి చిక్కగా తోడిన చేయి ఆమెదే యని చూచినవారు చెప్పుదురు. కండెలు చుట్టు ఇల్లాలికి పండుగనాడు చీర పంపినది ఆమెయే యట, బాపుకు తెలియకుండ. అట్టి యామెను అడిగియున్నచో తన పాలు తానే ఇచ్చియుండును. ఆ దానము ఆమె పేరనే యుండును. అడుగకపోవుటచేత ఆమెకు పోయినది జొన్నలు కాదు, ఇచ్చితినను సంతోషము. కొడుకు విషయమునను అట్లే. పండ్రెండేండ్ల బాలుని పిలిచి, "నీ దోస్తు బడి నిలబడాలంటే నువ్వు మగ్గమెక్కాలె, ఏమంటవు?" అని యొక మాట అడిగి యుండవచ్చును. బాలుడు కాదని యేడ్చియుండునేమో. ఏడ్చినను, ఆ మాటకు కొంత విలువ యుండెడిది.

బాపును మేము తక్కువ చేయుటలేదు. ఆయన తనకై ఏమియు ఉంచుకొనలేదు. తన కంచము అందరికంటె ముందు ఖాళీ చేసికొనెను. గతించిననాడు ఆయన పెట్టెలో రెండు పంచెలు, కండ్లజోడు, ఎవరెవరో వ్రాసిన పోస్టుకార్డుల కట్ట యొకటి ఉండెను. తానును తన వారును వేరను భావమే ఆయనకు లేదు. అందుచేతనే అడుగవలెనని తోచలేదు. తన చేతిని తాను అడిగి ఎవడు కదలించును? ఆ యభేదములో ప్రేమ యున్నది. మేము ఇన్నాళ్లు చూచినది దానినే. ఆ చేతికిని ఒక ప్రాణమున్నదన్న సంగతి ఆయన చూడలేదు. ఆయన యిచ్చినది పుచ్చుకొన్న మేమును చూడలేదు. మా తప్పు పెద్దది. ఆయనకు తీరిక లేదు. మాకు ఏబదియేండ్ల తీరిక యుండెను.

ఆ కొడుకు ఇప్పుడును సాంచాల కడనే పనిచేయుచున్నాడు. అతని మనుమరాలు కాలేజీలో చేరినది. ఆమె చదువునకు మేము ఖర్చు పెట్టుదుమని చెప్పితిమి. అతడు వెంటనే కాదనలేదు. బీడీ ముట్టించుకొని, "ఇచ్చుడు మంచిదే తమ్మీ. కాని ఇంట్ల అడిగినవా?" అనెను. అడుగలేదు. ఇంటికి వచ్చి మా యింటిదానిని అడిగితిమి. "ఇన్నేండ్లకు అడిగినరు" అని ఆమె యనెను. ఆ వెనుక సరేయనెను. ఆ మాట పోయి చెప్పగా అతడు ఒప్పుకొనెను. కాని ఒక నిబంధన పెట్టెను. మేము వ్రాసినదంతయు తనకు చదివి వినిపింపవలెను. అతడు మరాఠీ బడిలో ఏడు తరగతులు చదివినవాడు. తెలుగు మాటలాడును, పాడును, తిట్టును. తెలుగక్షరము మాత్రము రాదు. మా వాడలో సగముమంది ఇట్టివారే. ఈ సంచిక వారి చేతికి వచ్చినను ఎవరో యొకరు చదివి చెప్పవలసినదే.

మొన్న ఆదివారమునాడు ఆ యరుగుమీదనే కూర్చుండి మొదటినుండి చదివితిమి. అక్కయు వచ్చి గడప ప్రక్కన కూర్చుండెను. బడి సంగతి వచ్చినచోట అతడు వీధివైపు చూచెను. ముంగిస కథ వచ్చినచోట, "ఇది చిన్నప్పుడు అమ్మ చెప్పేది" అనెను. ఒక్కచోట మాత్రము చేయి యెత్తి ఆపెను. మేము మొదట, ఆమె దినమునకు ఎనిమిదివందల బీడీలు చుట్టుచుండెనని వ్రాసియుంటిమి.

"ఎనిమిది నూర్లు కాదు తమ్మీ, వెయ్యి. నేను కట్టలు లెక్కబెట్టేటోన్ని. నలభై కట్టలు. దిద్దు" అనెను.

అక్కడనే కలము తీసి దిద్దితిమి.